చివర తాగే ఆవు

కంచోరా చెడ్డవాడేం కాదు. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది విని అతన్ని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. కాలు విరిగిన దూడని రెండు రోజులు భుజాన మోసుకొచ్చిన మనిషి. కాకపోతే తన తెలివి మీద తనకి గురి ఎక్కువ. పశువుల్ని మేపుకుని బతికే బొరానా నేలలో పశువుల గురించి తెలియని మనిషంటూ ఉండడు. అయినా నలుగురు కూర్చున్నచోట పశువుల మాట వస్తే చివరి మాట తనదే కావాలి అతనికి.

ఆ ఏడు చిన్న వానా ఎగ్గొట్టింది, పెద్ద వానా ఎగ్గొట్టింది. కంచోరాకి వరసకి అన్నయిన దూబా జ్వరమొచ్చి పోయాడు. అతని పశువులు కూడా ఒకదాని వెనక ఒకటి నేలకొరిగాయి. దూబా పెళ్ళాం ఎలేమాకి మిగిలింది తల్లి చచ్చిన ఒక్క దూడ. అది నిలబడితే కూలబడేలా ఉంది, కూలబడితే లేచేలా లేదు.

ఇలాంటప్పుడు వంశం పెద్దలు కూర్చుంటారు. పశువులు పోయినవాళ్ళకి వంశంలో పశువులున్నవాళ్ళు ఇవ్వాలి. అది దానం కాదు, జాలి అసలే కాదు. తినే చెయ్యి నోటికి పోయినట్టు పోవాలి. ఇచ్చేది పాడి ఆవై ఉండాలి, కాళ్ళ దగ్గర దూడ ఉండాలి. ఇచ్చాక మళ్ళీ దాని ఊసెత్తకూడదు. మామూలు ఏడైతే తలా ఒకటి ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు ఇవ్వగల స్థితిలో ఉన్న ఇళ్ళే తక్కువ కాబట్టి ఎలేమా సంగతి కంచోరా ఇంటి మీద పడింది.

కంచోరా రాత్రంతా ఆలోచించుకుని డాలతిని ఇచ్చాడు.

డాలతి బూడిద రంగు ఆవు. ముసలిది. ఈని మూడేళ్ళయింది. డొక్కలు లోపలికి పోయి ఎముకలు బయటికొచ్చాయి. మెడలో మాత్రం కంచోరా తండ్రి కట్టిన చెక్క గంట ఉండేది. మేతకి పోయేటప్పుడు అది ముందు నడిచేది, గంట చప్పుడు వింటూ మంద వెనక వచ్చేది. బావి దగ్గరికొచ్చేసరికి మాత్రం వెనకబడేది. తొట్టి దగ్గర నిలబడి చూసే కంచోరాకి, అన్నీ తాగి మూతులు తుడుచుకుంటున్నప్పుడు ఇది తీరిగ్గా దిగిరావడం పన్నెండేళ్ళుగా అలవాటైన దృశ్యం. ముందు బద్ధకం అనుకున్నాడు, తర్వాత ముసలితనం అనుకున్నాడు.

ఇచ్చే ముందు మెడలోంచి గంట విప్పేశాడు. ఆవుని ఇమ్మన్నారు గానీ గంటని ఇమ్మనలేదు కదా. దాన్ని తీసుకెళ్ళి దీమ్తు మెడలో కట్టాడు. దీమ్తు ఎర్రావు, నిగనిగలాడే ఆవు, కొమ్ము విసిరిందంటే పక్కనున్న ఆవులు చెల్లాచెదురు కావాల్సిందే. మందకి పెద్దరికం చెయ్యాల్సింది ఇలాంటిదే గానీ ఆ ముసల్ది కాదని కంచోరాకి చాలాకాలంగా ఉంది.

అతని భార్య దర్మి పాలు పిండుతూ అంతా చూసింది. కుర్రాళ్ళు ఒంటెల్ని తోలుకుని దూరప్రాంతాలకి వెళ్ళిపోవడంతో ఆ కరువులో మంద వెనక నడిచేది ఆమే.

"పాలివ్వనిదాన్ని ఇస్తే ఎలేమక్క ఏం తాగుతుంది?" అంది. "అదీకాక, అది లేకపోతే ఇవి బావిలోకి దిగవు."

"గంట ఉందిగా. గంట వినే దిగుతాయి."

"వెనక నడిచేదాన్ని నేను."

కంచోరా నవ్వేసి ఊరుకున్నాడు. ఎందుకలా అంటున్నావని అడిగి ఉంటే ఈ కథ లేదు.

పెద్దలు డాలతిని ఎగాదిగా చూశారు. కరువు కదా, ఎవరూ నోరు విప్పలేదు. ఎలేమా వచ్చి దాని మెడకి తాడు వేసి తీసుకెళ్ళింది. కంచోరా చేతులు దులుపుకున్నాడు.

మూడో రోజు మంద నీళ్ళ వంతు వచ్చింది.

పెద్ద బావి దగ్గర వంతు అంటే మాటలు కాదు. ఒక్కొక్క మందకి మూడు రోజులకోసారి నీళ్ళు. ఎవరి తర్వాత ఎవరో చూసేది జల్దేసా. వంతుల పెద్ద అతను. చేతిలో కర్ర, మొహంలో నవ్వు లేని ముసలాయన. తన సొంత తమ్ముడి మంద ఆలస్యమైతే వెనక్కి పంపేసిన మనిషి. ఒక వంతు పోయిందంటే మళ్ళీ మూడు రోజులు. అంటే ఆ మంద ఆరు రోజులు నీళ్ళు లేకుండా నిలబడాలి. ఆ ఎండల్లో ఆరు రోజులంటే సగం పశువులు నిలబడవు. కంచోరాకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

బావి నేల అడుగున ఉంటుంది. పైనుంచి తొట్టి దాకా నేలని కోసుకుంటూ చేసిన ఏటవాలు దారి. అటూ ఇటూ ఏనుగెత్తు మట్టిగోడలు. సగం దూరంలో ఒక మలుపు ఉంటుంది. అక్కడ ఒక పక్క గోడ కూలి లోతైన గొయ్యి పడింది. పన్నెండేళ్ళ కిందట ఎవరిదో ఆవు అందులో పడి, రెండు రోజులు అరిచి అరిచి చచ్చిపోయింది. మనుషులు దాని మీద మట్టి పోసి మర్చిపోయారు. పశువులు మర్చిపోలేదు. అక్కడికొచ్చేసరికి నేల వాసన చూసి, కళ్ళు తెల్లబడి, కాళ్ళు బిగబట్టేస్తాయి. కంచోరా ఎప్పుడూ కింద తొట్టి దగ్గరే ఉండేవాడు కాబట్టి ఈ సంగతి అతను వినడమే గానీ చూసింది లేదు.

ఆ రోజు కూడా అతను ముందే దిగిపోయి తొట్టి దగ్గర నిలబడ్డాడు. లోపల మనుషులు మెట్టుకొకరుగా నిలబడి పాట ఎత్తుకున్నారు. తోలు బొక్కెనలు చేతులు మారుతూ పైకొస్తున్నాయి. తొట్టిలో నీళ్ళు నిండుతున్నాయి. పైన గంట మోగింది. దీమ్తు దడదడా దిగొచ్చి మూతి నీళ్ళలో పెట్టింది.

దాని వెనక ఇంకోటి రాలేదు.

కంచోరా పిలిచాడు, ఈలేశాడు. పైనుంచి పశువుల అరుపులు వినిపిస్తున్నాయి. అవి నీళ్ళ వాసన చూసిన అరుపులు కావు. ఏమైందా అని ఏటవాలు ఎక్కి చూస్తే, మలుపు దగ్గర చుక్కల పెయ్య కాలు జారి మోకాళ్ళ మీద పడి ఉంది. వెనకున్నవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి తిరిగిపోతున్నాయి. అవతల దర్మి చేతులు చాపి వాటిని ఆపాలని చూస్తోంది. అతను పెయ్యని లేపి కొట్టాడు, తిట్టాడు, తోక మెలిపెట్టాడు. అది వణుకుతూ నిలబడింది గానీ అడుగు వెయ్యలేదు. ఈలోగా దీమ్తు కడుపునిండా తాగి పైకొస్తూ, దారికి అడ్డంగా ఉందని ఆ పెయ్యనే కొమ్ముతో పొడిచింది. అంతే, మిగతావి కూడా వచ్చిన దారినే పైకి పరుగెత్తాయి.

మళ్ళీ తోలారు. మళ్ళీ మలుపు దాకా వచ్చి తిరిగిపోయాయి. మూడోసారి మలుపు దాకా కూడా రాలేదు.

లోపల పాట ఆగిపోయింది. జల్దేసా కర్ర నేలకి తాటించి, తర్వాతి మందని దింపమన్నాడు. కంచోరా మొహం చూసి ఏమనిపించిందో ఏమో, అతని దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"ఇప్పుడు గల్గలో వాళ్ళ మంద తాగుతుంది. తర్వాత సోరా వాళ్ళ మంద. ఆ రెండూ అయ్యేలోపు నీ పశువులు దిగితే దిగినట్టు. తర్వాత నన్నడక్కు."

పైన ఎండలో మంద అంతా గుంపుగా నిలబడి ఉంది. నాలుకలు బయటికొచ్చాయి. కంచోరాకి మొదటిసారి నిజంగా భయం వేసింది. చచ్చిపోతాయి, తన కళ్ళముందే చచ్చిపోతాయి, నీళ్ళ పక్కన నిలబడి చచ్చిపోతాయి అనుకున్నాడు. దర్మి వైపు చూశాడు. ఆమె "నే చెప్పానా" అనలేదు. ఆ మాట అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది అతనికి.

"వెళ్ళు," అంది. "ఇక్కడ నేను చూసుకుంటా."

ఎక్కడికో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఎలేమా గుడిసె తుమ్మల గట్టుకి అవతల ఉంది. ఏ మొహం పెట్టుకుని అడగాలి అన్నది దారంతా ఆలోచించాడు. ఇచ్చిన ఆవుని అడిగినవాడి కథలు బొరానాలో పిల్లలకి చెప్పి నవ్విస్తారు. ఆ కథల్లో మనిషికి ఇక తన పేరు పెట్టి చెబుతారు.

ఎలేమా గుమ్మంలో కూర్చుని పాలబుంగకి తుమ్మ నిప్పుల పొగ పడుతోంది. పాలు లేని బుంగ. అలవాటు కొద్దీ రోజూ పొగ పడుతుందట, పాలొచ్చిన రోజున బుంగ వాసనెయ్యకూడదని. కంచోరా ఆ బుంగ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"రా మరిదీ, కూర్చో. కాఫీ కాయలు నేతిలో వేయించి పెట్టేదాన్ని, నెయ్యి లేదు. నెయ్యికి పాలు కావాలి. పాలకి ఏం కావాలో నీకు నే చెప్పాలా?"

అతను కూర్చోలేదు. బావి దగ్గర జరిగిందంతా చెప్పాడు. ఆమె బుంగ తిప్పుతూ వింది.

"అయితే ఆవుని అడగడానికొచ్చావు."

"అడగట్లేదు వదినా. ఇచ్చినదాన్ని అడక్కూడదని నాకు తెలుసు."

"తెలిసినవాడివి ఇంత ఎండలో ఎందుకొచ్చినట్టు?"

కంచోరా దగ్గర చాలా మాటలు ఉండేవి. నలుగురిలో కూర్చుంటే ధారగా వచ్చే మాటలు. అవేవీ రాలేదు.

"దాహంతో ఉన్నాయి వదినా," అన్నాడు.

ఎలేమా బుంగ పక్కన పెట్టి లేచింది. గుడిసె వెనక నీడలో డాలతి నిలబడి ఉంది. తల్లిలేని దూడ దాని పొదుగు పట్టుకుని చీకుతోంది. ఎండిపోయిన పొదుగు, చుక్క రాదు. అయినా డాలతి వెనక కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, దూడకి అందేలా నడుం వంచి, దాని వీపు నాకుతోంది. తెచ్చిన రోజున రాత్రంతా కంచోరా ఇంటివైపు తిరిగి అరిచిందని ఎలేమా చెప్పింది. మర్నాడు ఈ దూడ మెల్లగా వచ్చి ఒరుసుకుంటే అరవడం మానేసిందట. అప్పట్నుంచీ దూడ గడ్డి కొరుకుతోంది, లేచి తిరుగుతోంది.

"పాలు రావు, నాకూ తెలుసు దానికీ తెలుసు," అంది ఎలేమా. "అందుకని తన్నేస్తుందా అంటే, తన్నదు. నువ్విచ్చింది పాడి ఆవో గొడ్డుదో నాకింకా తేల్లేదు మరిదీ."



"నా ఆవు నీ మందని దింపదు," అందామె, తాడు విప్పుతూ. "నా ఆవు, నా దూడ నీళ్ళు తాగడానికొస్తాయి. ఒక్క ఆవున్నదానికి బావిలో వంతెవడిస్తాడు? నీ వంతులో తాగుతాయి. నీ పశువులు దాని వెనక వస్తే అది వాటి ఇష్టం."

దూడ నడవలేక వెనకబడుతుంటే కంచోరా దాన్ని ఎత్తి భుజాన వేసుకున్నాడు. డాలతి అతని మోచెయ్యిని మూతితో రాస్తూ పక్కనే నడిచింది. ఇన్నేళ్ళలో అది అతనికి అంత దగ్గరగా నడవడం అదే మొదలు. దూడ కోసమని అతనికి తెలుసు. అయినా బాగుందనిపించింది, అందుకు సిగ్గు కూడా వేసింది.

గట్టు దిగుతుండగానే మంద తలలెత్తింది. ఎక్కడో మధ్యలోంచి ఒక ఆవు చిన్నగా, గొంతులోనే పిలిచింది. డాలతి బదులు పలికింది. తర్వాత అవన్నీ దాని చుట్టూ చేరి మెడలు వాసన చూస్తూ, ఒరుసుకుంటూ, కాసేపు దాహం సంగతే మర్చిపోయాయి. చుక్కల పెయ్య దాని మెడ కింద తల పెట్టి అలాగే ఉండిపోయింది. దీమ్తు ఒక్కతే గంటతో దూరంగా నిలబడింది.

కింద సోరా మంద తాగడం అయిపోతోంది.

కంచోరా ఎప్పటిలాగే ముందు దిగబోతే దర్మి అడ్డంగా వచ్చింది.

"ఇవాళ తొట్టి దగ్గర నేనుంటా. నువ్వు వెనక రా. చూడు."

అందరూ వింటుండగా పెళ్ళాం అలా అంటే మామూలప్పుడైతే కంచోరా ఊరుకునేవాడు కాదు. ఆ రోజు వెనక నడిచాడు.

అప్పుడు చూశాడు. డాలతి మలుపు దాకా వెళ్ళి ఆగింది. గొయ్యి ఉన్న వైపు అడ్డంగా, తన ఒళ్ళే గోడ అన్నట్టు నిలబడింది. ఒక్కొక్క ఆవూ భయం భయంగా వచ్చి, దాని డొక్కకి రాసుకుంటూ, మలుపు దాటి కిందికి పోయింది. ఒకటి మొరాయిస్తే డాలతి మెడ చాపి దాని నుదురు నాకింది. చుక్కల పెయ్య వచ్చి మళ్ళీ బిగుసుకుపోయింది. వెనక నుంచి తోపులాట మొదలైంది. కంచోరా కర్ర ఎత్తబోయి ఎలేమా మొహం చూసి దించేశాడు. డాలతి పెయ్య చెవి కింద, కళ్ళ మీద, మెడ మీద, ఒకే చోట మళ్ళీ మళ్ళీ నాకుతూ ఉంది. పెయ్య వణుకు ఎంతసేపటికి తగ్గిందో కంచోరాకి తెలియదు. చివరికి అది ఒక అడుగు వేసింది, ఇంకోటి వేసింది, గబగబా దిగిపోయింది.

మంద అంతా దాటేదాకా డాలతి అక్కణ్ణుంచి కదల్లేదు. ఆఖర్న దీమ్తు, పొద్దున తాగింది చాలక, గంట మోగించుకుంటూ దాన్ని తోసుకుని మరీ దిగింది. అప్పుడు దూడని ముందు పెట్టుకుని డాలతి దిగింది.

అది తొట్టి దగ్గరికి వచ్చేసరికి మంద తాగడం అయిపోయింది. లోపల పాట ఆపేశారు. తొట్టి అడుగున బురద నీళ్ళు మిగిలాయి. డాలతి మూతి పెట్టి ఆ బురద పీల్చింది.

కంచోరా కదలకుండా చూశాడు. పన్నెండేళ్ళు. ప్రతి మూడో రోజూ. డొక్కలు ఎందుకు లోపలికి పోయాయో, ఎముకలు ఎందుకు బయటికొచ్చాయో, ఈనడం ఎందుకు మానేసిందో అతనికిప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. మిగిలిన బురద తాగి బతికిన ఆవుని పట్టుకుని, ఇది పనికిరానిదని తనే తీర్మానం చేసి, నలుగురి ముందు ఇచ్చేసి చేతులు దులుపుకున్నాడు.

జల్దేసా దగ్గరికి వెళ్ళి, ఇంకొక తొట్టి నీళ్ళు తోడించమన్నాడు.

"నీ వంతైపోయింది," అన్నాడు జల్దేసా.

"నా మందలోది కాదు అది. ఎలేమా వదినది. వంతు కూడా ఆవిడదే."

"ఎలేమాకి వంతు లేదు."

"ఇవాళ్టి నుంచి ఉంది. నా వంతులో ముందు తాగేది ఆవిడ ఆవు. అది తాగాకే నాది."

జల్దేసా ముసలి ఆవు వైపు చూశాడు, కంచోరా వైపు చూశాడు. ఆ రోజు రెండో మినహాయింపు ఇస్తున్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు కర్ర గట్టిగా తాటించాడు. లోపల మళ్ళీ పాట ఎత్తుకున్నారు. ఒక్క ఆవుకీ ఒక్క దూడకీ అంతమంది గొంతెత్తి పాడటం ఆ బావి దగ్గర అదే మొదటిసారి. కంచోరా తనే దిగి బొక్కెన అందుకున్నాడు.

ఇక్కడితో అయిపోలేదు. తాగి పైకొచ్చాక డాలతి దూడని వెంటబెట్టుకుని ఎలేమా గుడిసె దారి పట్టింది. దాని వెనక చుక్కల పెయ్య, దాని వెనక మిగతా మంద మొత్తం. దీమ్తు కాసేపు గంట మోగిస్తూ ఒంటరిగా నిలబడి, తర్వాత అదీ వెనకే పరుగెత్తింది. బావి దగ్గర మనుషులు పొట్ట పట్టుకుని నవ్వారు. ఒక్క ఆవుని ఇవ్వమంటే మందనే ఇచ్చిన ఉదారుడని ఆ పూట నుంచీ కంచోరాకి పేరు పడిపోయింది, బావి పాటలోకి కూడా ఎక్కింది. ఎన్ని పశువులో ఎవరూ లెక్కపెట్టలేదు, పశువుల్ని లెక్కపెట్టడం అక్కడ అపశకునం. లేకపోతే ఆ అంకె కూడా పాటలో కట్టేవాళ్ళు.

నాలుగు రోజులు తోలుకురావడం, అవి మళ్ళీ పారిపోవడం జరిగాక, కంచోరా తన ముళ్ళకంచె పీకేసి ఎలేమా గుడిసె పక్కన వేసుకున్నాడు. ఇచ్చిన ఆవు తిరిగి రాకూడదు కానీ, ఇచ్చినవాడు దాని దగ్గరికి పోకూడదని ఏ పెద్దా చెప్పలేదు. గంట విప్పి చూరులో దోపేశాడు. మంద వెనక నడవడం అలవాటు చేసుకున్నాడు.

వాన పడిన నెలకి వంశం పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజు కంచోరాని ఎవరూ ఏమీ అడగలేదు. కంచోరాయే లేచి, ఎలేమాకి తను ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదన్నాడు. ఇచ్చావు కదా, మేమంతా చూశామన్నారు పెద్దలు. అప్పుడు ఇచ్చింది తనకి అక్కర్లేదనుకున్నదాన్ని అన్నాడు. సాయంత్రం తన పాడి ఆవుల్లో మంచిదాన్ని, కాళ్ళ దగ్గర దూడతో సహా, ఎలేమా గుమ్మం ముందు కట్టేశాడు.

ఎలేమా బయటికొచ్చి ఆవు చుట్టూ తిరిగింది. పళ్ళు చూసింది. పొదుగు పట్టి చూసింది. చన్ను లాగితే పాలు చర్రున ఆమె అరచేతిలో పడ్డాయి.

"దీనికేం రోగం, మరిదీ?"

"ఏ రోగమూ లేదు వదినా."

"మరెందుకిస్తున్నావు?"

పశువుల సంగతిలో చివరి మాట తనదే కావాలనే మనిషి, కంచోరా, ఆ మాట ఎలేమాకే వదిలేసి డాలతికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు.